లాలాజల గ్రంథి క్యాన్సర్ రోగికి రైలు టికెట్ రాయితీ: దరఖాస్తు విధానం

చెవి కింద, దవడ మూలన గడ్డ కనిపిస్తే ముందు గవదబిళ్లలేమో అనుకుంటాం. అరుదుగా అది లాలాజల గ్రంథి నాళంలో పుట్టిన క్యాన్సర్ అయి ఉంటుంది. ఎక్కువగా పరోటిడ్ గ్రంథిలో (చెవి ముందు, కింద ఉండే పెద్ద లాలాజల గ్రంథి), 50 దాటిన మగవాళ్లలో వస్తుంది. త్వరగా పాకే రకం. కణాలు రొమ్ము నాళాల క్యాన్సర్‌ను పోలి ఉంటాయి కాబట్టి హెర్2 (కణాలను వేగంగా పెరగనిచ్చే ప్రోటీన్) పరీక్ష కూడా చేయిస్తారు. ఆపరేషన్, ఆ తర్వాత వారాల తరబడి రేడియేషన్, ఆపైన చెకప్‌లు. ఇలాంటి కేసులు చూసి చెయ్యి తిరిగిన డాక్టర్లు అన్ని ఊళ్లలో ఉండరు. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో, ముంబై టాటా మెమోరియల్‌కో తిరగాలంటే ఛార్జీలే తడిసి మోపెడవుతాయి.

రైల్వే రాయితీకి ఏ రకం క్యాన్సర్ అన్న తేడా లేదు. వైద్యానికో చెకప్‌కో వెళ్లే రోగికి స్లీపర్, థర్డ్ ఏసీలో మూల ఛార్జీ పూర్తిగా మాఫీ. సెకండ్ క్లాస్, ఏసీ చైర్ కార్‌లో 75 శాతం, సెకండ్ ఏసీ, ఫస్ట్ ఏసీలో 50 శాతం తగ్గిస్తారు. వెంట వెళ్లే ఒకరికీ రోగితో సమానంగానే తగ్గింపు ఉంటుంది. స్లీపర్, థర్డ్ ఏసీలో మాత్రం 75 శాతమే. రిజర్వేషన్, సూపర్‌ఫాస్ట్ రుసుములు మామూలుగానే కట్టాలి.

అసలు పనంతా ఒక సర్టిఫికెట్ దగ్గరే. రైల్వే నిర్ణయించిన నమూనాలో ఉండాలి, చికిత్స చేస్తున్న ఆసుపత్రి ఇవ్వాలి. డిశ్చార్జి కాగితం, బయాప్సీ రిపోర్టు దీనికి బదులు పనికిరావు. ఓపీ రోజున డాక్టరు సంతకం పెట్టించి, ఆసుపత్రి ముద్ర వేయించుకోండి. రోగి పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి. ఎక్కే స్టేషన్, దిగే స్టేషన్ సరిగ్గా ఉన్నాయా చూసుకోండి. ఇంకో మాట: "పరోటిడ్ గడ్డ" అని రాసి వదిలేస్తే కౌంటర్ గుమాస్తాకు ఏం అర్థమవుతుంది? క్యాన్సర్ అనే మాట స్పష్టంగా ఉండాలి. మొహమాటపడకుండా అక్కడికక్కడే సరిచేయించుకోవడం మేలు. ఇంటికొచ్చాక చూసుకుంటే మళ్లీ అంత దూరం వెళ్లాలి.

తర్వాత రిజర్వేషన్ కౌంటర్‌లో ఫారం నింపి, రాయితీ కావాలని రాసి, ఒరిజినల్ సర్టిఫికెట్ జతచేయాలి. కౌంటర్‌లో ఇచ్చే ముందే దాని జిరాక్స్ తీయించుకోండి. రోగి స్వయంగా రానక్కర్లేదు, ఇంట్లోవాళ్లు వెళ్లొచ్చు. తత్కాల్‌లో రాయితీ లేదు. అందుకే డాక్టరు చెకప్ తేదీ చెప్పిన రోజే సర్టిఫికెట్ కూడా అడగండి. రాయితీ టికెట్ తీసుకున్నాక తేడా డబ్బు కట్టి పై తరగతికి మారుతామంటే కుదరదు. ఆపరేషన్ అయిన మనిషికి ఏ తరగతి హాయిగా ఉంటుందో ముందే ఆలోచించి టికెట్ తీసుకోండి.