బుర్రకి అర్థమైంది, ఒంటికి ఇంకా కాలేదు: ట్రామా థెరపీకి వెళ్ళేవాళ్ళకి

నాకు రోడ్డు యాక్సిడెంట్ జరిగి మూడేళ్ళయినా, వెనకనుంచి ఎవరైనా గట్టిగా బ్రేకు వేస్తే చాలు, నా భుజాలు చెవులదాకా లేచేవి. రోడ్డు మీదే కాదు, ఇంట్లో సోఫాలో కూర్చుని ఉన్నా అంతే. అయిపోయింది కదా, ఇప్పుడేం లేదు కదా అని నాకు నేను వందసార్లు చెప్పుకున్నాను. బుర్ర ఒప్పుకునేది. చేతులు మాత్రం వణుకుతూనే ఉండేవి. ఇలా అన్నీ తెలిసీ తట్టుకోలేకపోతున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను, ట్రామాకి, అంటే ఘోరమైన సంఘటన మనసులోనూ ఒంట్లోనూ వదిలిన దెబ్బకి, థెరపీకి ఎలా వెళ్ళాలి, అక్కడ ఏం అడగాలి, ఇంట్లో ఏం చేసుకోవాలి అని. నేను డాక్టర్ని కాదు, ఆ కుర్చీలో రెండేళ్ళు కూర్చుని వచ్చినవాణ్ణి.

ముందు మన భాషలో భయానికి ఉన్న మాటలు చూడండి. గుండె జారిపోయింది, కాళ్ళూ చేతులూ ఆడలేదు, నోట మాట రాలేదు, కొయ్యబారిపోయాను. అన్నీ ఒంటి సంగతులే, పైగా దాదాపు అక్షరాలా నిజం. ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు మెదడు లోపల బాదంపలుకు ఆకారంలో ఉండే అమిగ్డలా అలారం మోగిస్తుంది, అడ్రినలిన్ రక్తంలో కలుస్తుంది, గుండె పరుగెడుతుంది, రక్తం పెద్ద కండరాలవైపు మళ్ళుతుంది, అరుగుదల పని పక్కకి పోతుంది. పోరాడు లేదా పారిపో అని వాల్టర్ కానన్ అనే శాస్త్రవేత్త 1910ల్లోనే వివరించింది దీన్నే. ఆ రెండూ కుదరనప్పుడు ఒళ్ళు బిగుసుకుపోతుంది. అది పిరికితనం కాదు, ఆలోచించి తీసుకున్న నిర్ణయం అసలే కాదు. (నేనెందుకు అరవలేదు, ఎందుకు పారిపోలేదు అని ఏళ్ళ తరబడి తమని తామే తిట్టుకునేవాళ్ళు చాలామంది ఉంటారు, వాళ్ళు ఈ ముక్క ఇంకోసారి చదువుకోవాలి.)

మామూలు జ్ఞాపకానికి మెదడు తారీఖు లాంటిది వేసి పెడుతుంది, ఇది అప్పటిది అని. ఆ పనిలో మెదడులోని హిప్పోకాంపస్ అనే భాగానిది పెద్ద పాత్ర. విపరీతమైన భయంలో ఆ తారీఖు సరిగ్గా పడదు, వాసనా చప్పుడూ నొప్పీ ముక్కలు ముక్కలుగా మిగిలిపోతాయి, అందుకే బ్రేకు చప్పుడు వినగానే ఒంటికి అది మూడేళ్ళ కిందటి సంగతిలా కాకుండా ఇప్పుడే జరుగుతున్నట్టు ఉంటుంది. 1996లో కొద్దిమంది బాధితుల మీద చేసిన బ్రెయిన్ స్కాన్ అధ్యయనంలో, జరిగినదాన్ని గుర్తుచేసినప్పుడు మాటలు కూర్చే బ్రోకా భాగం మందగించింది. చిన్న అధ్యయనమే కానీ, చెప్పబోతే గొంతు పూడుకుపోయే ప్రతివాళ్ళకీ ఆ ఫలితం కొత్తగా అనిపించదు.

అందరికీ థెరపీ అక్కర్లేదు కూడా. ఘోరమైన సంఘటన తర్వాత కొన్ని వారాలు నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడటం మామూలే, ఎక్కువమందికి అది దానంతటదే తగ్గుతుంది. నెల దాటినా తగ్గకుండా పీడకలలు, తప్పించుకు తిరగడం, ఎప్పుడూ ఒళ్ళు బిగపట్టుకుని ఉండటం సాగుతుంటే అప్పుడు చూపించుకోవాలి. పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్) అనే పేరుతో ఇది 1980లో అమెరికా మానసిక వైద్యుల రోగనిర్ధారణ పుస్తకంలోకి ఎక్కింది. గుండెదడ, ఛాతీనొప్పి ఉంటే మాత్రం ముందు మామూలు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, థైరాయిడ్ ఎక్కువైనా గుండె దడదడలాడుతుంది, అన్నిటినీ ట్రామా ఖాతాలో వేసేయకూడదు.

ఇక నేను చేసిన తప్పు. మొదట వెళ్ళిన థెరపిస్ట్ మొదటి గంటలోనే మొత్తం పూసగుచ్చినట్టు చెప్పమన్నారు, నేనూ బుద్ధిగా చెప్పేశాను. బయటికి వచ్చాక మూడు రాత్రులు నిద్ర లేదు, మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు, థెరపీ అంటేనే ఏడాదిపాటు భయపడ్డాను. తర్వాత తెలిసింది, దీనికి ఒక వరస ఉంటుందని. జూడిత్ హెర్మన్ అనే మానసిక వైద్యురాలు 1992లో మూడు దశలు చెప్పారు: ముందు భద్రత, తర్వాత జరిగినదాన్ని గుర్తుచేసుకుని ఏడవాల్సింది ఏడవడం, ఆ తర్వాత మళ్ళీ మనుషుల్లో కలవడం. అలాగని నెలల తరబడి ఊపిరి పీల్చుకుంటూ కూర్చోమని కాదు, ఒకే ఒక్క సంఘటన అయితే కొన్ని పద్ధతుల్లో మూడో సెషన్‌కే కథలోకి దిగుతారు, దాన్ని చాలామంది బాగానే తట్టుకుంటారు. చిన్నప్పటినుంచీ దెబ్బలు తిన్నవాళ్ళకి ఆ మొదటి దశ ఎక్కువ కాలం పట్టొచ్చు. కొట్టే మనిషి ఇంకా ఇంట్లోనే ఉంటే మాత్రం ఒళ్ళు భయపడటంలో తప్పే లేదు, ముందు ఆ ఇంటి సంగతి తేల్చుకోవాలి.

పద్ధతుల గురించి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే పేర్లకన్నా చేసే మనిషి ముఖ్యం. కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ అని ఒకటి, దాదాపు 12 సెషన్లు, "తప్పు నాదే" లాంటి చిక్కుముడుల్ని మాటలతోనే విప్పుతారు. ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్‌లో 8 నుంచి 15 సెషన్లు, ఒక్కోటీ గంటన్నర దాకా, జ్ఞాపకాన్ని పదేపదే చెప్పించి, తప్పించుకు తిరిగే చోట్లకి మెల్లగా వెళ్ళమంటారు. పైకి మాటల థెరపీలా కనిపిస్తుంది కానీ అక్కడ నేర్చుకునేది ఒళ్ళే, ఆ రోడ్డు మీద నిలబడి గుండెదడ పెరిగి తనంతట తనే తగ్గడం అనుభవించాక ఎవరూ వేరే చెప్పక్కర్లేదు. ఈఎండీఆర్‌ని ఫ్రాన్సీన్ షపీరో 1987లో మొదలుపెట్టారు. ఎనిమిది దశలుంటాయి, జ్ఞాపకాన్ని మనసులో ఉంచుకుని కళ్ళు అటూ ఇటూ కదపాలి, మధ్యమధ్యలో ఒంట్లో ఏం తెలుస్తోందో అడుగుతారు. కళ్ళ కదలిక నిజంగా ఎంత పని చేస్తుందన్న దాని మీద వాదనలు ఇంకా నడుస్తున్నాయి. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పీటీఎస్‌డీకి ట్రామా మీద దృష్టి పెట్టే సీబీటీతో (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మాటల థెరపీతో) పాటు దీన్నీ సూచించింది. పీటర్ లెవీన్ తెచ్చిన సొమాటిక్ ఎక్స్‌పీరియన్సింగ్ నేరుగా ఒంటినుంచే మొదలవుతుంది, చాలామందికి నచ్చుతుంది, కాకపోతే దాని వెనక ఉన్న పరిశోధన మిగతావాటికన్నా తక్కువ. యోగా మీద 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఏళ్ళ తరబడి తగ్గని పీటీఎస్‌డీ ఉన్న 64 మంది మహిళల్లో పది వారాలు యోగా చేసినవాళ్ళకి ఎక్కువ గుణం కనిపించింది. నా లెక్కలో యోగా తోడుగా బాగుంటుంది, ఒక్కటే చాలనుకోవద్దు.

థెరపిస్ట్‌ని ఎంచుకునేటప్పుడు మొహమాటపడకండి. ట్రామాకి విడిగా ట్రైనింగ్ తీసుకున్నారా, ఏ పద్ధతిలో? సెషన్ మధ్యలో నేను బిగుసుకుపోతే మీరేం చేస్తారు? ఆపమంటే ఆపుతారా? చివరి పది నిమిషాలు ఎలా ముగిస్తారు? ఈ నాలుగూ అడగండి. ఆఖరిదానికి చక్కగా జవాబు చెప్పినవాళ్ళు నాకు నచ్చారు, ఎందుకంటే కథ తవ్వడం అందరికీ వచ్చు, మనిషిని మళ్ళీ నడిపించి ఇంటికి పంపడమే పనితనం. అడక్కుండా ఒంటి మీద చెయ్యి వేసేవాళ్ళు, "మీరు మర్చిపోయిన జ్ఞాపకం లోపల ఉంది, బయటికి లాగుతాను" అనేవాళ్ళు, గ్యారంటీ ఇచ్చేవాళ్ళు తగిలితే అక్కడితో దండం పెట్టేయండి.

సెషన్‌లో ఒంటిని ఎలా కలుపుకోవాలంటే, కథ చెప్తూ ఉండగా అప్పుడప్పుడు ఆగి, ఇది ఇప్పుడు నాకు ఎక్కడ తెలుస్తోంది అని చూసుకోవాలి. గొంతులోనా, కడుపులోనా, దవడలోనా? బిగుతుగానా, వేడిగానా, బరువుగానా? సున్నా నుంచి పదిలో ఎంత? ఆ తర్వాత ఒంట్లో బాధ లేని చోటు ఒకటి వెతకాలి, నాకైతే అరికాళ్ళు. కాసేపు గొంతు దగ్గర, కాసేపు అరికాళ్ళ దగ్గర, అలా ధ్యాస అటూ ఇటూ తిప్పుతూ ఉంటే ఎనిమిది మీద ఉన్నది ఐదుకి దిగేది, దిగాకే మళ్ళీ కథ. మొదట్లో నాకు ఇదంతా నాటకంలా అనిపించి నవ్వొచ్చింది కూడా. నాలుగో వారానికి గానీ తెలియలేదు, మాట్లాడేటప్పుడు నేను అసలు ఊపిరే తీసుకోవట్లేదని.

ఇక్కడే చాలామంది పొరబడతారు. భయం అంటే దడ ఒక్కటే అనుకుంటారు. తట్టుకోగల హద్దు పైకి దాటితే దడ, చెమట, కోపం. కిందికి దాటితే మొద్దుబారడం, శూన్యంగా ఉండటం, మనుషుల మాటలు ఎక్కడో దూరంనుంచి వినిపిస్తున్నట్టు ఉండటం. డాన్ సీగెల్ 1999లో ఈ హద్దుకి సహనపు కిటికీ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. రెండిటికీ మందు ఒకటి కాదు. పైకి పోయినప్పుడు నెమ్మదించాలి. మొద్దుబారినప్పుడు కళ్ళు మూసుకుని నెమ్మదిగా ఊపిరి తీసుకోమంటే ఇంకా లోపలికి జారిపోవచ్చు, అప్పుడు లేచి నిలబడాలి, రెండు చేతులతో గోడని గట్టిగా నెట్టాలి, చల్లటి నీళ్ళు మొహాన చల్లుకోవాలి, గదిలో కనిపించే వస్తువుల పేర్లు పైకి చెప్పాలి.

ఇంట్లో రోజూ చేసుకోదగ్గది ఊపిరి. నాలుగు లెక్కపెడుతూ లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి, ఒక్కో అంకె ఒక సెకను అనుకుంటే నిమిషానికి ఆరు ఊపిరులు. వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, మెదడునుంచి గుండెదాకా పోయే వేగస్ నరం పని అది, అందుకే వదలడం పొడవుగా ఉండాలి. ఐదు నిమిషాలు చాలు, అదీ బాగున్నప్పుడు అలవాటు చేసుకోండి, తుపాను మధ్యలో ఈత నేర్చుకోలేం కదా. గొంతు నులిమిన అనుభవమో, నీళ్ళలో మునిగిన అనుభవమో ఉన్నవాళ్ళకి ఊపిరి మీద ధ్యాస పెడితేనే టెన్షన్ పెరుగుతుంది, వాళ్ళు దాన్ని వదిలేసి మెల్లగా తల తిప్పుతూ గది నాలుగు మూలలూ, తలుపు ఎక్కడుందో చూసుకోవచ్చు.

సెషన్ ఉన్న రోజు తర్వాతి రెండు గంటలూ ఖాళీగా పెట్టుకోండి, నడిచి ఇంటికి రాగలిగితే ఇంకా మంచిది. పీడకలలు ఎక్కువగా ఉంటే థెరపిస్ట్‌కి చెప్పండి, కల ముగింపుని పగలు మార్చి రాసుకుని మనసులో రోజూ తిప్పుకునే పద్ధతి ఒకటుంది. మద్యంతో నిద్రపుచ్చుకోవద్దు. మందుల విషయంలో సెర్ట్రలిన్, పారోక్సెటిన్ లాంటి డిప్రెషన్ మందులు డాక్టర్ రాస్తే సిగ్గుపడక్కర్లేదు, నిద్రమాత్రల్లా అలవాటయ్యే బెంజోడయజెపైన్లని మాత్రం పీటీఎస్‌డీకి వాడొద్దనే నిపుణుల మార్గదర్శకాలు చెప్తాయి. ఇప్పటికే వాడుతుంటే మీ అంతట మీరు హఠాత్తుగా ఆపకండి, ప్రమాదం. చచ్చిపోవాలనిపిస్తుంటే ఈ వ్యాసాలవీ పక్కనపెట్టి ఇప్పుడే దగ్గరున్న మనిషికి చెప్పి ఎమర్జెన్సీకి వెళ్ళండి.

గుణం ఎలా తెలుస్తుందంటే, మర్చిపోవడంతో కాదు. నాకు ఇప్పటికీ బ్రేకు చప్పుడుకి భుజాలు లేస్తాయి, అయితే ఒకప్పుడు సాయంత్రందాకా అలాగే ఉండేవి, ఇప్పుడు సిగ్నల్ మారేలోపు దిగిపోతాయి. అలాంటి తేడా వచ్చాక వారానికోసారి వెళ్ళేది రెండు వారాలకీ, నెలకీ మార్చుకోండి, ఒక్కసారిగా మానేయకండి. ఏటా ఆ తారీఖు దగ్గరపడుతున్నప్పుడు కారణం తెలియకుండా ఒళ్ళు బరువెక్కొచ్చు, అందుకని నేను ఆ వారంలో ఒక సెషన్ ముందే బుక్ చేసి పెట్టుకుంటాను, అవసరం లేకపోతే క్యాన్సిల్ చేస్తాను.