బేస్‌బాల్ త్రో పదే పదే గురి తప్పుతుంటే: సమస్య - పరిష్కారం

త్రో గాడి తప్పిన కుర్రాడికి మన మైదానాల్లో ముందుగా వినిపించే సలహా "మోచెయ్యి పైకెత్తు" అన్నదే. బంతి ఎటు పోతోందో, ఏ సందర్భంలో పోతోందో చూడకుండా ఇచ్చే ఆ సలహా వల్ల ఒక్కోసారి సమస్య ముదురుతుంది. కనుక శిక్షకుడు బంతి అందుకునేవాడి వెనుక నిలబడి, తప్పు ఎప్పుడూ ఒకే వైపు జరుగుతోందా, నలువైపులా చెదురుతోందా అన్నది ముందు గమనించాలి.

సమస్య: బంతి ప్రతిసారీ ఒకే పక్కకు వంగుతోంది.
దీనికి కారణం చాలావరకు పట్టులోనే ఉంటుంది. క్రికెట్ బంతికి కుట్లు నడుము చుట్టూ పట్టీలా ఉంటాయి. బేస్‌బాల్‌కు 108 జంట కుట్లు గుర్రపునాడా ఆకారంలో మెలికలు తిరుగుతాయి. విశాఖలో క్రికెట్ ఆడి ఈ ఆటకు వచ్చినవారు బంతిని చేతికి దొరికినట్టే పట్టి విసిరేస్తారు. చూపుడు వేలు, మధ్య వేలు ఆ గుర్రపునాడాకు అడ్డంగా వేసి, బొటనవేలిని సరిగ్గా కింద ఆనించాలి. గ్లవ్‌లోంచి బంతిని తీస్తూ, చూడకుండానే ఈ పట్టు దొరికేంతవరకు ఇంట్లో కూర్చుని కూడా సాధన చేయవచ్చు.

సమస్య: బంతి తల మీదుగా పోతోంది, లేదా ముందే నేలను తాకుతోంది.
తొందరగా వదిలితే పైకి, ఆలస్యంగా వదిలితే కిందికి పోతుంది. ముందరి భుజం వేళకు ముందే తెరుచుకోవడం, ముందు కాలు లక్ష్యానికి అడ్డంగా పడటం దీని వెనుక ఉంటాయి. నేలపై సున్నంతో గీత గీసి, కాలు ఆ గీత మీదే పడేలా చూడాలి. ఆర్కే బీచ్ ఇసుకలో పరుగు మంచిదే గానీ, అడుగు కూరుకుపోయే చోట త్రో దిద్దుకోవడం కుదరదు. ఉక్కపోతలో చెమటకు బంతి జారుతుంది కాబట్టి, పొడి తువ్వాలు దగ్గర ఉండాలి.

మోచేతి లోపలి వైపు నొప్పి ఉంటే పై సూచనలేవీ పాటించకుండా విసరడం ఆపి, ఎముకల వైద్యుడిని కలవాలి.

సమస్య: దూరపు త్రో బాగుంటుంది, దగ్గరి త్రో చెడుతుంది.
అసలు చిక్కు ఇదే. ఔట్‌ఫీల్డ్ నుంచి చక్కగా విసిరేవాడు నాలుగు అడుగుల అవతల ఉన్నవాడికి అందించలేకపోతే, లోపం చేతిది కాదు. ఆలోచించే వ్యవధి దొరకడం వల్ల వచ్చే తడబాటు. దీన్ని యిప్స్ అంటారు. అమెరికాలోని డాడ్జర్స్ జట్టులో రెండో బేస్‌మ్యాన్ (రెండో బేస్ దగ్గర కాపు కాసే ఫీల్డర్) స్టీవ్ సాక్స్ 1983లో దీనివల్లే 30 తప్పిదాలు చేసి, తరువాత కోలుకున్నాడు. పిచర్ (బ్యాటర్‌కు బంతి విసిరేవాడు) రిక్ యాంకీల్ 2000 ప్లేఆఫ్స్‌లో ఒకే ఇన్నింగ్స్‌లో ఐదు వైల్డ్ పిచ్‌లు (క్యాచర్ ఆపలేనంతగా గురి తప్పిన బంతులు) వేసి, చివరకు 2007లో ఔట్‌ఫీల్డర్‌గా తిరిగొచ్చాడు.

ఇటువంటి ఆటగాడికి భంగిమ గురించి ఒక్క మాటా చెప్పకూడదు. చెప్పేకొద్దీ చేతిమీదే ధ్యాస పెరుగుతుంది. తొలుత గురి లేకుండా వలలోకి, తరువాత కదులుతూ గోడకు, ఆపైన నమ్మకమైన ఒక్క సహచరుడికి విసిరించాలి. లెక్కపెట్టడం, పక్కనుంచి కేకలు వేయడం నిషేధించాలి. మ్యాచ్‌లోకి తెచ్చేటప్పుడు, నిలబడి విసిరే స్థానంలో కాక, బంతిని పరుగున అందుకుని ఆ ఊపులోనే విసరాల్సిన స్థానంలో ముందుగా ఆడించాలి.