పాత మోటారుసైకిలు ఇంజినులో ఆయిల్ సీళ్లు కారుతుంటే: కారణం కనిపెట్టడం, సీలు మార్చడం

పాత మోటారుసైకిలు ఇంజిను కింద ఆయిలు మరక కనబడగానే చాలామంది ముందుగా కొత్త సీలు (తిరిగే షాఫ్టు చుట్టూ ఆయిలు బయటికి రాకుండా ఆపే రబ్బరు వలయం) కొనుక్కుని వస్తారు. నా దృష్టిలో అది చివర చేయవలసిన పని. షాఫ్టు అరిగినా, బేరింగు వదులైనా, క్రాంక్ కేసులోని (ఇంజిను కింది పెట్టెలోని) గాలి బయటికి పోయే బ్రీదర్ గొట్టం పూడుకుపోయినా, ఆ లోపం ముందుగా బయటపడేది సీలు దగ్గరే. అసలు కారణాన్ని వదిలి రబ్బరును మాత్రమే మారిస్తే కొత్త సీలు కూడా కొద్ది కాలానికే కారడం మొదలుపెడుతుంది.

ముందుగా మూలం వెతకాలి. కార్బురేటరు మూతిని, బ్రీదర్ గొట్టాన్ని గుడ్డతో మూసి, ఇంజినును కిరోసినుతోనూ బ్రష్షుతోనూ శుభ్రంగా కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. ఆ తరువాత గుడ్డలు తీసేసి, అనుమానం ఉన్న చోట్ల టాల్కమ్ పౌడరు పలుచగా చల్లి, ఇంజిను బాగా వేడెక్కేవరకు నడపాలి. ఆయిలు కిందికి జారుతుంది, బండి పరుగులో ఉన్నప్పుడు గాలికి వెనక్కి కొట్టుకుపోతుంది. కాబట్టి తడిసిన భాగంలో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఉన్న చోటే మూలమని భావించాలి. ట్యాపెట్ కవరు (ఇంజిను పైభాగంలో వాల్వుల మీది మూత) దగ్గర కారిన ఆయిలు కేసు వెంట జారి స్ప్రాకెట్ (చైను తిప్పే పళ్ల చక్రం) దగ్గర చుక్కలుగా పడుతుంటే, గేర్ బాక్సు సీలు పోయిందని పొరబడడం చాలా సులభం. స్ప్రాకెట్ చుట్టూ కనిపించే జిడ్డు చైనుకు పూసిన ఆయిలు కూడా కావచ్చు. గేర్ ఆయిలు చాలావాటికి ఘాటైన గంధకపు వాసన ఉంటుంది కనుక, వేలికి అంటించుకుని వాసన చూస్తే కొంత తేల్చుకోవచ్చు.

ఫోర్ స్ట్రోక్ ఇంజినులో సీళ్లను అనుమానించే ముందు బ్రీదరును తప్పనిసరిగా పరీక్షించాలి. పిస్టను రింగులు అరిగి దహన వాయువులు కిందికి దిగుతున్నా, బ్రీదర్ గొట్టం లోపల ఉబ్బి మూసుకుపోయినా, క్రాంక్ కేసులో ఒత్తిడి పెరిగి, మంచి సీలు నుంచి కూడా ఆయిలును బయటికి నెడుతుంది. ఆయిలు వేరే ట్యాంకులో ఉండే పాత ట్రయంఫ్, బీఎస్ఏ వంటి డ్రై సంప్ ఇంజిన్లలో మరో సంగతి కూడా ఉంది: బండి వారాల తరబడి కదలకుండా ఉంటే ట్యాంకులోని ఆయిలు పంపు గుండా మెల్లగా క్రాంక్ కేసులోకి దిగి, స్టార్టు చేయగానే దొరికిన దారిన బయటికి వస్తుంది. అటువంటప్పుడు సంపులో (క్రాంక్ కేసు అడుగున) చేరిన ఆయిలును తీసి చూడాలి గాని సీలు మీద చేయి వేయకూడదు.

టూ స్ట్రోక్ ఇంజినులో క్రాంక్ సీలు పని ఇంకా కీలకమైనది, ఎందుకంటే అక్కడ అది ఆయిలునే కాక క్రాంక్ కేసులోని గాలి ఒత్తిడిని కూడా నిలిపి ఉంచుతుంది. మాగ్నెటో (కరెంటు పుట్టించే చక్రం) వైపు సీలు పోతే బయటి గాలి లోపలికి పీల్చబడి మిశ్రమం పలుచబడుతుంది. ఐడిలింగు తనంతట తానే పెరిగి, థ్రాటిలు వదిలినా దిగదు, అలాగే నడిపితే పిస్టను పట్టేసే ప్రమాదం ఉంది. క్లచ్ వైపు సీలు పోతే నేల మీద చుక్క పడకుండానే గేర్ ఆయిలు తగ్గుతూ, సైలెన్సరు నుంచి దట్టమైన పొగ వస్తుంది. ఇన్లెట్‌ను, ఎగ్జాస్టును బిగుతుగా మూసి, పిస్టనును కింది చివరకు తెచ్చి, ప్లగ్ రంధ్రం గుండా చేతి పంపుతో సుమారు 6 పీఎస్ఐ గాలి ఎక్కించి, అది కొన్ని నిమిషాలు నిలుస్తుందో లేదో చూస్తే సందేహం తీరుతుంది. నిలవకపోతే సీళ్ల దగ్గరా జాయింట్ల దగ్గరా సబ్బు నీళ్లు రాసి బుడగల కోసం చూడాలి. అంతకన్నా ఎక్కువ ఒత్తిడి పెడితే మంచి సీలు కూడా తప్పుకోవచ్చు.

సీలే కారుతున్నదని తేలిన తరువాత, ఉదాహరణకు అది స్ప్రాకెట్ వెనక ఉన్న గేర్ బాక్సు సీలు అయితే, గేర్ బాక్సు ఆయిలు దించి పని మొదలుపెట్టాలి. స్ప్రాకెట్ నట్టు విప్పేటప్పుడు ముందుగా లాక్ వాషరు అంచును చదును చేసి, చైను ఇంకా ఉండగానే వెనక బ్రేకు నొక్కి పట్టి నట్టును వదులు చేస్తే షాఫ్టు తిరగదు. కొన్ని ఇంజిన్లలో ఈ మర ఎడమవైపుది, అంటే మామూలుకు వ్యతిరేక దిశలో విప్పాలి, కనుక నట్టు వదలకపోతే బలం పెంచే ముందు ఆ విషయం చూసుకోవాలి. పాత సీలు ఏ ముఖం బయటికి ఉంది, అంచు నుంచి ఎంత లోతులో కూర్చుంది అన్నవి ఫోటో తీసి ఉంచాలి. సీలు తీయడానికి దాని లోహపు ముఖం మీద ఎదురెదురుగా రెండు చిన్న రంధ్రాలు వేసి, వాటిలో స్క్రూలు బిగించి, పటకారుతో రెండు వైపులా సమానంగా లాగాలి. వెనకనే బేరింగు ఉండవచ్చు కనుక డ్రిల్లు మొనకు టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకోవాలి. లోహపు రజను లోపలికి పోకుండా మొనకు గ్రీజు పూయాలి. స్క్రూ డ్రైవరుతో కుళ్లగించడం మాత్రం వద్దు, ఎందుకంటే అల్యూమినియం కేసు మీద పడిన ఒక్క గీత చాలు, ఆయిలు ఇక ఆ దారినే వస్తుంది.

ఈ పనిలో అసలు తీర్పు షాఫ్టు దగ్గరే జరుగుతుంది. లిప్పు (సీలు లోపలి రబ్బరు అంచు) రాసుకునే చోట గోరు గీసి చూడాలి. గోరు ఎక్కడా ఆగకపోతే 1000 నంబరు ఎమిరీ పేపరుతో షాఫ్టు చుట్టూ, పొడవునా కాకుండా, తేలికగా రుద్దితే సరిపోతుంది. గోరు గాడిలో ఆగితే, చోటు ఉన్నపక్షంలో, ఆయిలు రంధ్రం మూసుకుపోకుండా చూసుకుంటూ కొత్త సీలును ఒక మిల్లీమీటరు లోపలికో బయటికో కూర్చోబెట్టవచ్చు. లేదా షాఫ్టు మీద తొడిగే పలుచని ఉక్కు స్లీవు వేయవచ్చు. షాఫ్టును పైకీ కిందికీ ఊపినప్పుడు ఆట తగిలితే బేరింగు మార్చక తప్పదు.

కొత్త సీలు మీద 25-40-7 వంటి అంకెలు ఉంటే అవి వరుసగా లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం, మిల్లీమీటర్లలో. అంగుళాల కొలతల ఇంజినులో దగ్గరగా ఉన్న మిల్లీమీటర్ల సీలును బలవంతంగా దించకూడదు. కొన్ని సీళ్ల లిప్పు మీద ఏటవాలు గీతలు, తిరిగే దిశను చూపే బాణం గుర్తు ఉంటాయి. అటువంటివి కుడివైపుకు, ఎడమవైపుకు వేరువేరు. మామూలు నైట్రైల్ రబ్బరు సుమారు 100 డిగ్రీల సెల్సియస్ వరకు బాగానే పనిచేస్తుంది, వైటాన్ 200 వరకు తట్టుకుంటుంది. క్రాంకు దగ్గర నేను రెండోదానినే ఎంచుకుంటాను.

బిగించేటప్పుడు లిప్పు చుట్టూ ఉండే స్ప్రింగు కనిపించే వైపు సాధారణంగా ఆపవలసిన ఆయిలు లేదా ఒత్తిడి వైపు ఉండాలి. అయినా పాత సీలు ఫోటోతో సరిచూసుకోవాలి. లిప్పుకు గ్రీజు పూసి, షాఫ్టు మీది మరలు, పళ్లు, కీ గాడి అంచులు లిప్పును కోయకుండా పలుచని ప్లాస్టిక్ చుట్టాలి. ఈ చిన్న జాగ్రత్త మానేయడం వల్లనే చాలా కొత్త సీళ్లు మొదటి రోజే కారుతాయి. సీలు బయటి వ్యాసం కన్నా కాస్త చిన్నదైన గొట్టాన్ని సీలు మీద ఆనించి, ఒక పక్కకు ఒరగకుండా, చుట్టూ సమంగా దించాలి. కేసును ముందుగా కొద్దిగా వేడిచేస్తే అది తేలికగా దిగుతుంది.

స్ప్రాకెట్ వెనక కాలరు (షాఫ్టు మీద తొడిగే పొట్టి గొట్టం) ఉన్న ఇంజినులో దాని లోపలి ఓ రింగును (గుండ్రని రబ్బరు వలయాన్ని) కూడా అప్పుడే మార్చాలి. కొత్త సీలు వేశాక తొలి ప్రయాణంలో కనిపించే కొద్దిపాటి చెమ్మ బిగించేటప్పుడు పూసిన గ్రీజుదే కావచ్చు, తుడిచి మళ్లీ చూడాలి. మళ్లీ తడిస్తే, ఆయిలు సీలు చుట్టూ కాక షాఫ్టు పళ్ల మధ్య నుంచి నట్టు దగ్గరకు వస్తున్నదేమో, కాలరు లోపలి ఓ రింగు సరిగా కూర్చుందో లేదో పరీక్షించిన తరువాతే సీలును తిరిగి తీయాలి.