లిఫ్ట్ చేసిన పికప్‌కి వెనక షాకబ్జర్లు ఎంచుకోవడం

"బండిని రెండంగుళాలు ఎత్తు లేపించాం, రెండంగుళాలు పొడుగున్నవి ఇచ్చేయ్, అన్నా" అంటారు మా కొరాపుట్ షాపుకొచ్చినవాళ్లు. వెనక షాకబ్జర్లు ఏటవాలుగా ఉంటాయి, ఆ లెక్క కుదరదు. టేపు పట్టాల్సిందే.

ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టి, చక్రాలు వేలాడుతుండగా పై బోల్టు నుంచి కింది బోల్టుకి కొలవండి. పూర్తిగా సాగిన షాకబ్జర్ అంతకంటే కాస్త పొడుగుండాలి. లేదంటే యాక్సిల్ బరువంతా దాని మీదే వేలాడుతుంది.

అందరూ వదిలేసేది రెండో కొలత. బండి నేల మీదుండగా అదే దూరం కొలిచి, యాక్సిల్‌కీ బంప్ స్టాప్‌కీ (యాక్సిల్ పైకొచ్చినప్పుడు తగిలే రబ్బరు దిమ్మ) మధ్య ఖాళీ ఎంతుందో అందులోంచి తీసేయండి. రబ్బరు నలిగేందుకు ఇంకో అంగుళం తీసేయండి. మూసుకున్న షాకబ్జర్ అంతకంటే పొట్టిగా ఉండాలి.

సాలూరు వైపు ఘాట్ ఎక్కువ దిగేవాళ్లకి గ్యాస్ మోనోట్యూబే (ఒకే గొట్టంలో నూనె, గ్యాస్ ఉండే షాకబ్జర్) నయం, వేడి త్వరగా వదులుతుంది. లోడు మోయడం మాత్రం కమాన్ కట్టల పని.