షో ఆటోమేషన్‌లో పెట్టే ముందు ఒక తెల్ల కాగితం తీసుకోండి

మా సినిమా హాల్లో ఆటోమేషన్, అంటే బొమ్మ, సౌండ్, లైట్లు వాటంతట అవే మారే ఏర్పాటు, పెట్టిన మొదటి వారం, హీరో తల్లి ప్రాణం పోయే సీన్‌లో లైట్లన్నీ ఒక్కసారి వెలిగాయి. విశ్రాంతి అనుకుని కొందరు లేచి బయటికి నడిచారు. మిగతావాళ్లు వెనక్కి తిరిగి "ఓయ్ ఆపరేటర్!" అని అరిచారు. ఆపరేటర్ రూంలో లేడు, కింద టీ తాగుతున్నాడు. ఆ ఆపరేటర్ని నేనే.

నేను ఈ పనిలో చేరింది కార్బన్ మిషన్ల మీద, అంటే కార్బన్ కడ్డీల వెలుగుతో నడిచే పాత ప్రొజెక్టర్ల మీద. 35 ఎంఎం ఫిలిం నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. రెండున్నర గంటల తెలుగు సినిమా అంటే 13,500 అడుగులు. 2,000 అడుగుల రీలు చొప్పున ఏడెనిమిది రీళ్లు. తెర పైన కుడి మూల మొదటి చుక్క పడగానే రెండో మిషన్ మోటార్ వేయాలి, 7 సెకన్లకు రెండో చుక్క, అప్పుడు ఛేంజోవర్, అంటే బొమ్మను మొదటి మిషన్ నుంచి రెండోదానికి మార్చడం. సెకండ్ షోలో కునుకు పట్టిందా, తెర తెల్లబడేది, ఈలలు మొదలయ్యేవి. ఫిలిం రోజుల్లోనే కొన్నిచోట్ల రీళ్లన్నీ ఒకటిగా అతికించి పెద్ద పళ్లేల మీద తిప్పేవారు. ఫిలిం అంచున మెరిసే రేకు ముక్క అంటిస్తే సెన్సర్ దాన్ని పట్టి లైట్లు మార్చేది. ఇప్పుడు ఆ రేకు ముక్క చేసే పనే సర్వర్‌లో, అంటే సినిమాను నడిపే కంప్యూటర్‌లో, "క్యూ" అన్న పేరుతో ఉంది.

మెషిన్ జోలికి వెళ్లకుండా ముందు ఒక రోజు నాలుగు ఆటలూ మామూలుగా నడపండి. చేయి కదిలిన ప్రతిసారీ టైము, ఏం చేశారో, ఎందుకు చేశారో కాగితం మీద రాయండి. నా కాగితంలో 23 పనులు తేలాయి. అందులో ఆరు అసలు అవసరమే లేనివి, పాత అలవాటు కొద్దీ చేస్తున్నవి.

ప్రొజెక్టర్ ల్యాంప్‌తో మొదలుపెట్టండి. జినాన్ ల్యాంప్ అయితే ఆటకు పావుగంట ముందు వెలిగేలా పెట్టండి. విశ్రాంతిలో ఆర్పకండి. వెలిగించిన ప్రతిసారీ ల్యాంప్ ఆయుష్షు కొంత తగ్గుతుంది. కాంతికి అడ్డం పడే రేకు ఉంటుంది కదా, డౌజర్, అది మూస్తే చాలు. చివరి ఆట అయ్యాక ల్యాంప్ ఆర్పే క్యూ పెట్టినా, మెయిన్ స్విచ్ ఆపే పని మాత్రం ఆటోమేషన్‌కు ఇవ్వకండి. ఫ్యాన్లు ఇంకో పావుగంట తిరిగి ల్యాంప్ చల్లారాలి.

లెన్స్ విషయం సులువు. సర్వర్‌లోకి దింపిన ఫైల్ పేరే అంతా చెబుతుంది. ఎఫ్‌టీఆర్ అంటే సినిమా, టీఎల్ఆర్ అంటే ట్రైలర్. తర్వాత ఎస్ ఉంటే స్కోప్, అంటే బాగా వెడల్పు బొమ్మ, ఎఫ్ ఉంటే ఫ్లాట్, అంటే అంతకంటే తక్కువ వెడల్పుది. టీఈ అంటే తెలుగు. 51, 71 అన్నవి సౌండ్ చానెళ్లు. స్కోప్ సినిమా ముందు ఫ్లాట్ ట్రైలర్ ఉంటే లెన్స్ తిరగడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ రెండింటి మధ్య నల్లటి ఖాళీ పెట్టి, డౌజర్ మూసి, అప్పుడు తిప్పండి. లెన్స్ తిరుగుతుంటే బొమ్మ సాగుతూ కనిపించడం చూసేవాళ్లకు ఎబ్బెట్టుగా ఉంటుంది.

సౌండ్‌లో ఏ ఇన్‌పుట్, అంటే సౌండ్ ఎక్కడి నుంచి తీసుకోవాలన్నది, ఆటోమేషన్‌కు వదిలేయండి. ట్రైలర్లకు ఒక లెవెల్, సినిమాకు ఒక లెవెల్ కూడా పెట్టుకోవచ్చు. మొదటి రోజు మాత్రం ఫేడర్, అంటే సౌండ్ పెంచే తగ్గించే మీట, మీ చేతిలోనే ఉండాలి. నిండిన హాలు సౌండ్‌ను తాగేస్తుంది. అదే లెవెల్‌తో మంగళవారం మ్యాట్నీకి ముప్పై మంది ఉంటే చెవులు దిమ్మెక్కుతాయి. హాల్లో ఎంతమంది ఉన్నారో సర్వర్‌కు తెలియదు.

ఇక లైట్లు. నా లెక్కలో పనితనమంతా ఇక్కడే ఉంది. స్విచ్ వేసినట్టు టక్కున ఆర్పకండి. డిమ్మర్‌కు 6 నుంచి 8 సెకన్లు ఇవ్వండి. జాతీయ గీతం వేయడం 2018 నుంచి తప్పనిసరి కాదు, మీ హాల్లో వేస్తుంటే మాత్రం లేచి నిలబడేవాళ్ల కోసం సగం వెలుతురు ఉంచండి. సెన్సార్ సర్టిఫికెట్ పడేసరికి పూర్తి చీకటి కావాలి. విశ్రాంతి కార్డు పడగానే లైట్లు వేయకండి. మన సినిమాల్లో ఆ కార్డు ముందు ఏదో ఒక బాంబు పేలుతుంది. ఆ ఈలలు, చప్పట్లు చీకట్లోనే అయిపోవాలి. మూడు సెకన్లు ఆగి పక్క గోడల లైట్లు, తర్వాత పైవి.

విశ్రాంతి తర్వాత 30 సెకన్ల పొగాకు హెచ్చరిక వస్తుంది, 2012 నుంచీ ఉన్న నిబంధన. పాప్‌కార్న్ పట్టుకుని సీటు వెతుక్కునేవాళ్లకు అది చాలా మంచి టైము. అది నడిచినంతసేపూ సగం లైట్లు ఉంచి, 25వ సెకనులో దించడం మొదలుపెట్టండి. చివర్లో పేర్లు మొదలయ్యాక సగం, అయిపోయాక పూర్తిగా. పేర్ల తర్వాత సీన్ ఉందేమో ముందే చూసుకోండి. మెట్ల దీపాలు, ఎగ్జిట్ బోర్డులు ఆటోమేషన్ వైరింగ్‌లో కలపనే కలపకండి.

ఇప్పుడు ఆ తల్లి సీన్ సంగతి. విశ్రాంతి లైట్ల క్యూను నేను షో మొదలైనప్పటి నుంచి లెక్కేసి పెట్టాను, ఇన్ని గంటలు ఇన్ని నిమిషాలు అని. ఆ రోజు మా మేనేజర్ రెండు కొత్త యాడ్లు కలిపారు, నాకు చెప్పలేదు. సినిమా ఆ యాడ్లంత సేపు వెనక్కి జరిగింది, లైట్లు మాత్రం పాత టైముకే వెలిగాయి. అందుకే ప్రతి క్యూనూ సినిమా ఫైల్‌కే కట్టండి, ఆ ఫైల్ మొదలు నుంచో చివరి నుంచో లెక్కపెట్టి. ముందు యాడ్లు ఎన్ని పెరిగినా తగ్గినా అది చెదరదు. సినిమా రెండు సగాలుగా రెండు ఫైళ్లలో వస్తే ఇంకా తేలిక.

సర్వర్‌లో టైము పెడితే దానంతట అదే మొదలయ్యే సౌకర్యం ఉంది. మల్టీప్లెక్స్‌లకు బాగుంటుంది. మా ఊళ్లో 11 గంటల ఆటకు 11:05కి కౌంటర్ దగ్గర ఇంకా లైను ఉంటుంది. అందుకే యాడ్లు టైముకు మొదలయ్యేలా పెట్టి, సినిమా ముందు ప్లేలిస్ట్‌ను ఒకచోట ఆపాను. తలుపు దగ్గర గేట్‌కీపర్ బటన్ నొక్కితేనే ముందుకు కదులుతుంది. ఆ బటన్ పక్కనే ఇంకో ఎర్ర బటన్ పెట్టండి. బొమ్మ పోయినా సౌండ్ పోయినా అది నొక్కితే మీ దగ్గర బజర్ మోగాలి. తెర వైపు కెమెరా పెట్టి ఫోన్లో చూసుకుందామని ఒక కుర్రాడు సలహా ఇచ్చాడు. వద్దన్నాను. హాల్లో సినిమా రికార్డు చేయడం 2023 సవరణ చట్టం ప్రకారం నేరం, ఆ తలనొప్పి మనకెందుకు.

ఫైర్ అలారంను కూడా ఆటోమేషన్‌కు కలపండి. అది మోగితే బొమ్మ ఆగాలి, సౌండ్ ఆగాలి, లైట్లన్నీ వెలగాలి. నెలకోసారి ఖాళీ హాల్లో నిజంగా మోగించి చూడండి. కరెంటు పోతే సర్వర్‌ను యూపీఎస్ కాపాడుతుంది, ల్యాంప్ ఆరిపోతుంది. జనరేటర్ అందుకున్నాక షో దానంతట అది మొదలయ్యేలా పెట్టకండి. ల్యాంప్ వెలిగిందని కంటితో చూసి, ఒక నిమిషం వెనక్కి జరిపి, మీరే ప్లే నొక్కండి.

శుక్రవారం కొత్త సినిమా అయితే గురువారం రాత్రే కూర్చోండి. సినిమా తాళం, అదే కేడీఎం, ఒక్క సర్వర్ కోసమే తయారవుతుంది, దానికి మొదలయ్యే టైము, ముగిసే టైము ఉంటాయి. మన సర్వర్‌దేనా, మొదటి ఆట కంటే ముందే తెరుచుకుంటుందా చూడండి. తాళం టైము ఇంకా మొదలు కాకపోతే బొమ్మ రాదు, పొద్దున్నే మళ్లీ రావాలి. తెరుచుకుంటే ప్రతి క్యూకు పది సెకన్ల ముందుకు జరిపి ప్లే చేస్తూ పోండి. రూంలో నుంచి కాదు, కింద సీట్లలో కూర్చుని చూడండి. నేను ముందు వరుసలో, అంటే పాత నేల టికెట్ చోట కూర్చుంటాను. లైటు కాస్త ముందు వెలిగినా మొదట కేకేసేది అక్కడివాళ్లే.