విరేచనాలతో రైలెక్కవద్దు: పుష్కర యాత్రకు ముందు జాగ్రత్తలు

వానలు మొదలయ్యాక కాలువ గట్టు ఊళ్ల నుంచి మళ్లీ అతిసారం వార్తలు వస్తున్నాయి. 2027 గోదావరి పుష్కరాలకు రాజమహేంద్రవరం, కొవ్వూరు, నరసాపురం వైపు రైళ్లు కిక్కిరిసి నడిచేది కూడా ఇలాంటి తొలకరి రోజుల్లోనే. చేతులు కడుక్కోవడం, నీళ్లు కాచుకోవడం అందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోను. ప్రాణం మీదికి తెచ్చే తప్పు వేరే ఉంది. ఒంట్లో బాగాలేదని తెలిసి కూడా, ఎలాగో ఇంటికి చేరితే చాలునని రైలెక్కడమే ఆ తప్పు.

1914 చివర సెర్బియాలో, యుద్ధంలో పట్టుబడిన ఆస్ట్రియా సైనికులతో, ఊళ్లు వదిలిన జనంతో, సెలవుపై ఇళ్లకు వెళ్లే సిపాయిలతో రైళ్లు నిండిపోగా, ఒంటిపేల ద్వారా సోకే టైఫస్ జ్వరం దేశమంతా పాకి సుమారు లక్షన్నర మందిని బలిగొంది. 1915లో బ్రిటిష్ వైద్య బృందంతో వచ్చిన కల్నల్ విలియం హంటర్ సలహాపై ప్రయాణికుల రైళ్లను కొన్నాళ్లు నిలిపివేసి, సైనికుల సెలవులు ఆపి, బోగీలను శుద్ధి చేయించారు. అప్పటికి టైఫస్‌ను నయం చేసే మందే లేదు. అయినా కొన్ని నెలల్లోనే వ్యాధి తగ్గుముఖం పట్టింది.

అతిసారం పేల వల్ల రాదు, కలుషితమైన నీటి వల్ల, తిండి వల్ల వస్తుంది. కానీ మనిషి వెంట ఊరు మారడంలో రెండింటికీ తేడా లేదు. కలరా సోకిన కొన్ని గంటల నుంచి 5 రోజుల లోపు విరేచనాలు మొదలవుతాయి, తీవ్రమైతే గంటల్లోనే ఒంట్లోని నీరంతా పోయి మనిషి చనిపోవచ్చు. అర్ధరాత్రి రెండు స్టేషన్ల మధ్య సెలైన్ ఎక్కించేవారు ఎవరూ ఉండరు. పుష్కరాలకు మన కోసం ఎవరూ రైళ్లు ఆపరు కనుక, ప్రయాణం ఆపుకోవలసింది మనమే.

విరేచనాలు పట్టుకుంటే రైలెక్కవద్దు. టికెట్ డబ్బు పోతే పోనివ్వండి. పెద్దవాళ్ల మొక్కు అని, ముహూర్తం అని బయలుదేరదీయవద్దు, ఎందుకంటే పుష్కరం 12 రోజులు ఉంటుంది. ఓఆర్ఎస్ పొట్లాలు సంచిలో పెట్టుకోండి. దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో 6 చిన్న చెంచాల పంచదార, అదే చెంచాతో అర చెంచా ఉప్పు, అంచుకు సమంగా కొలిచి కలపండి. పసిపిల్లలకు పాలు ఆపవద్దు. విరేచనాలు కట్టే మాత్ర వేసుకుని ప్రయాణానికి సిద్ధపడవద్దు. రోగి బట్టలను కాలువలో జాడించవద్దు, దిగువ ఊళ్ల మంచినీటి చెరువులను ఆ నీటితోనే నింపుతారు. ఇంట్లో ఒకరికి వస్తే మిగతావారు కూడా 5 రోజులు ఆగండి. మళ్లీ చెబుతున్నాను, విరేచనాలతో రైలెక్కవద్దు. దారిలో మొదలైతే రైల్వే సహాయ నంబరు 139కి ఫోన్ చేయండి. సొంత ఊరి స్టేషన్ వచ్చేదాకా ఓర్చుకుని కూర్చోకుండా, ఆసుపత్రి ఉన్న తర్వాతి పట్టణంలోనే దిగిపోండి.