ఐర్లాండ్‌లో ఒక టౌన్‌ల్యాండ్ కథ తెలుసుకోవాలంటే

కౌంటీ (మన జిల్లా లాంటిది) దగ్గర మొదలుపెట్టకండి, పారిష్ (ఒక చర్చి పరిధి) కూడా పెద్దదే. ఒక్క టౌన్‌ల్యాండ్ పట్టుకోండి. అక్కడి భూవిభజనలో అందరూ వాడే అతి చిన్న భాగం అదే, దీవి మొత్తం మీద 60,000 పైనే ఉన్నాయి. ఊరని అనుకోవద్దు, కొన్నిట్లో ఒక్క ఇల్లు కూడా లేదు, పేరు మాత్రం నిలిచింది.

ముందు ఆ పేరు చూడండి, కానీ ఇంగ్లిష్ స్పెల్లింగ్‌ని బట్టి అర్థం తేల్చేయొద్దు. 1820ల్లో మొదలైన ఆర్డ్‌నెన్స్ సర్వే, అంటే ప్రభుత్వం మ్యాపులు గీయించిన సర్వే, ఐరిష్ పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లో స్థిరపరిచింది, దాంతో 'కిల్' అని మొదలయ్యే పేరు వెనక పాత చర్చి ఉండొచ్చు, అడవీ ఉండొచ్చు. లొగనిమ్ అనే ప్రభుత్వ స్థలనామాల వెబ్‌సైట్‌లో ఐరిష్ రూపం ఉంటుంది, చాలా పేర్లకు పాత రికార్డుల్లోని స్పెల్లింగులు కూడా దొరుకుతాయి.

పేరులో 'రాత్', 'లిస్' కనిపిస్తే రింగ్‌ఫోర్ట్ కోసం వెతకండి. అవి ఎక్కువగా తొలి మధ్యయుగాల నాటి రైతుల ఇళ్ళు, చుట్టూ మట్టిగట్టు, కందకం. జనం మాత్రం ఫెయిరీల కోటలంటారు. సర్వే వాళ్ళ పాత ఆరంగుళాల మ్యాపునీ (మైలుకి ఆరంగుళాల స్కేలు), పురాతన కట్టడాల్ని చూసుకునే నేషనల్ మాన్యుమెంట్స్ సర్వీస్ ఆన్‌లైన్ మ్యాపునీ పక్కపక్కన పెట్టుకుని చూడండి (ఉత్తర ఐర్లాండ్ రికార్డులు వేరే ఉంటాయి).

నాకు అన్నిటికంటే ఇష్టమైనది స్కూల్స్ కలెక్షన్. 1937 నుంచి 1939 వరకు ప్రైమరీ స్కూలు పిల్లలు ఇంట్లో, చుట్టుపక్కల పెద్దవాళ్ళని అడిగి కథలు రాసుకొచ్చారు, పవిత్ర బావులు, పాతిపెట్టిన బంగారం, కరువు రోజులు, అన్నీ ఉన్నాయి. డూఖస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా చదవొచ్చు. టౌన్‌ల్యాండ్ పేరు కొడితే ఏమీ రాకపోతే వదిలేయకండి, చుట్టుపక్కల స్కూళ్ళ పేజీలన్నీ తెరిచి చూడండి, ఎందుకంటే పిల్లలు విన్నట్టుగానే స్పెల్లింగ్ రాసేవాళ్ళు, పైగా ఒక పొలం కథ పక్క పారిష్ పిల్లాడి నోట్‌బుక్‌లో ఉండొచ్చు. ఉత్తరాన ఆరు కౌంటీలు మాత్రం ఇందులో లేవు. పేరులో 'లిస్' ఉండి, మ్యాపులో గుండ్రటి గట్టు లేకుండా, ఎవరో కోటని చదును చేస్తే పశువులు చచ్చాయన్న కథ ఒకటి దొరికిందనుకోండి, వెంటనే ఆ పొలం ఏరియల్ ఫోటో తెరవండి. పూడిపోయిన కందకం మీద పంట రంగు తేడాగా కనిపించే అవకాశం ఉంది.

తర్వాత నడవాలి. ఎక్కువ భూమి ప్రైవేటుది, ఎక్కడపడితే అక్కడ తిరిగే హక్కు లేదు, రైతుని అడిగి వెళ్ళండి, గేటు ఎలా ఉందో అలాగే వదలండి. పురాతన వస్తువుల కోసం అనుమతి లేకుండా మెటల్ డిటెక్టర్ వాడటం నేరం. బాప్టిజం కాకుండా చనిపోయిన పసిబిడ్డల్ని పాతిపెట్టిన 'కిల్లీన్' ఎదురైతే రాళ్ళు కదపొద్దు, ఆ కుటుంబాలు ఇంకా అక్కడే ఉండొచ్చు.

ఆ రైతునే పొలాల పేర్లు అడగండి. చాలావరకు మ్యాపుల్లో ఉండవు. ఆయన పలికినట్టే రికార్డ్ చేసి, ఏ పొలమో మ్యాపు మీద గుర్తు పెట్టి, తేదీ రాయండి.